లీలండ్ నొక్కని మీట

లీలండ్ వాస్ ఎలాంటివాడని మా డన్మోర్‌లో ఎవర్నడిగినా ముందు చుట్టూ చూస్తారు, అతని భార్య మార్లిస్ దగ్గర్లో ఉందేమోనని. లేదని తేలాక "మంచివాడు" అంటారు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక ఆకాశం చూసి, వాన వచ్చేలా ఉందంటారు. లీలండ్ అంత నెమ్మదైన మనిషి.

నేను ఇంకొంచెం చెప్పగలను. ఎందుకంటే ఇరవై చలికాలాలు మా హైస్కూలు జిమ్‌లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఆటలప్పుడు ఒకే బల్ల దగ్గర అతని మోచెయ్యి నాకు తగిలేలా కూర్చున్నాను. ఎవరైనా బుట్టలో బంతి వేస్తే మైకులో ఆ పిల్ల పేరు చెప్పడం నా పని. నాకు ఎడమపక్క స్కోరు రాసే ఆర్డిస్, కుడిపక్క గడియారం నడిపే లీలండ్. పగటిపూట నేను పంటల బీమా అమ్ముతాను. అతను రైతుల సహకార సంఘం గోదాములో మొక్కజొన్న లారీలు తూస్తాడు. ఒకసారి అతని బావమరిది లారీ తూకానికి పెట్టి, "బావా, ముల్లు కాస్త అటుగా చదవకూడదూ?" అన్నాడట. "అటుగా అంటే ఎటుగా?" అని లీలండ్ అడిగాడట. వేళాకోళానికి కాదు, నిజంగానే తెలియక.

బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి ఆట జరుగుతున్నంతసేపూ సొంత ఊరు ఉండకూడదు. అది నియమం. చప్పట్లు కొట్టకూడదు, కేకలు వెయ్యకూడదు, మన పిల్ల బంతి వదిలేస్తే "అయ్యో" అని కూడా అనకూడదు. ఆర్డిస్‌కి అది సులువు, ఆవిడకి ఆటంటేనే చిరాకు. నాకు కష్టం. బల్లకింద నా బూట్లు ఒకదాన్నొకటి తన్నుకుంటూ ఉండేవి. లీలండ్‌కి మాత్రం ఆ నియమం అవసరమే లేదు. అతను ఆట చూడడు. బంతినీ, రెఫరీ చేతినీ చూస్తాడు. చెయ్యి కిందికి దిగితే మీట నొక్కుతాడు, ఈల మోగితే ఆపుతాడు. ఆఖరి క్షణాల్లో పెదాలు కదుపుతూ లోలోపల లెక్కపెట్టుకుంటాడు. అది పాతకాలపు గడియారం మొరాయించే రోజుల్లో పట్టుకున్న అలవాటు. అది పోయి కొత్తది వచ్చినా అలవాటు పోలేదు. ఆట అయ్యాక దారిలో ఎవరైనా "ఎవరు గెలిచారు లీలండ్?" అంటే, ఆగి, వెనక్కి తిరిగి, గోడమీది బోర్డు చదివి చెప్పేవాడు.

అలాంటి ఇంట్లో మార్లిస్ ఉండడం దేవుడి చిలిపితనం.

మార్లిస్ స్కూలు వంటింట్లో వడ్డిస్తుంది. మనిషి పొట్టి, గరిటె పొడుగు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బ్రిటా నాలుగేళ్ళుగా బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది. జట్టులో ఉందంటే బెంచీమీద ఉంది. మంచి పిల్ల, కష్టపడుతుంది, అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా వెనక వెళ్తుంది. కానీ పరిగెత్తుతుంటే కాళ్ళు రెండూ రెండు వేర్వేరు ఆటలు ఆడుతున్నట్టుంటుంది. కోచ్ రాండీ క్రూగర్ ఆమెని మనం ఇరవై పాయింట్ల ముందున్నప్పుడో, ఇరవై పాయింట్లు వెనకబడ్డప్పుడో దింపుతాడు. మధ్యలో దింపడు.

ఈ సంగతి మీద మార్లిస్‌కీ క్రూగర్‌కీ మధ్య నాలుగేళ్ళ యుద్ధం. మా స్కూల్లో ఒక కట్టడి ఉంది. ఆట అయిన ఇరవైనాలుగు గంటలదాకా తల్లిదండ్రులెవరూ పిల్లల్ని ఆడించడం గురించి కోచ్‌తో మాట్లాడకూడదు. కోపం చల్లారుతుందని పెట్టారు. చాలామందికి చల్లారుతుంది. మార్లిస్‌కి మాత్రం అది పులిసేది. మంగళవారం ఆట తొమ్మిదింటికి ముగిస్తే, బుధవారం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు ఆమె కారు క్రూగర్ ఇంటిముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉండేది. తొమ్మిది కొట్టగానే తలుపు తట్టేది.

"రాండీ, నా పిల్ల బెంచీకి అంటుకుపోయిందనుకున్నావా? గోకి తియ్యమంటావా గరిటెతో?"

"మార్లిస్, నేను భోంచేస్తున్నాను."

"తిను తిను. రేపు మధ్యాహ్నం స్కూల్లో ఏం తింటావో కూడా చూద్దాం."

ఉత్తమాట కాదది. క్రూగర్ చరిత్ర పాఠం కూడా చెబుతాడు కాబట్టి మధ్యాహ్నం భోజనం స్కూల్లోనే. బ్రిటా ఆడిన మర్నాడు అతని పళ్ళెంలో బంగాళాదుంప ముద్ద కొండలా ఉండేది, పైన గ్రేవీ చెరువు. ఆడని మర్నాడు పిచ్చుక రెట్టంత. ఆటకి రాలేకపోయిన మేష్టర్లు మర్నాడు క్రూగర్ పళ్ళెంలోకి తొంగిచూసి, "ఓహో, నిన్న హోరాహోరీగా సాగిందన్నమాట" అనుకునేవారు.

ఇన్ని జరుగుతున్నా లీలండ్ నోరు విప్పలేదు. నేనే ఒకసారి గిల్లాను. "ఏరా, నీ పిల్లని ఆడించకపోతే నీకేమీ అనిపించదా?"

"అనిపిస్తుంది."

"మరి అడగవేం?"

"బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి కదరా," అన్నాడు. "నేను అడిగితే, రేపు నేను గడియారం నొక్కినప్పుడల్లా అవతలి ఊరివాళ్ళు నా వేలు వంక చూస్తారు."

ఇలా ఉండగా బ్రిటా ఆఖరి ఏడాదిలో సీనియర్ నైట్ వచ్చింది. అంటే ఆ ఏడాదితో స్కూలు ముగించే పిల్లలకి సొంత జిమ్‌లో ఆఖరి ఆట. ఆట మొదలయ్యేముందు ఒక్కొక్క పిల్లా అమ్మానాన్నల మధ్య మైదానం నడుమకి నడిచి వస్తుంది, నేను మైకులో రెండు ముక్కలు చదువుతాను. ఆ రోజు సీనియర్లే మొదట బరిలోకి దిగుతారు, బాగా ఆడేవాళ్ళా కాదా అని ఎవరూ చూడరు. అది మా తాతలనాటి ఆనవాయితీ. నాలుగేళ్ళు బెంచీ కాసిన పిల్లకి కూడా ఆ రెండు నిమిషాలు హక్కు.

కానీ ఆ శుక్రవారం వచ్చింది హాలెక్ జట్టు. మాకు పన్నెండు మైళ్ళ దూరం, మూడు తరాల పగ. ఆ ఆట గెలిచినవాళ్ళ ఊళ్ళోనే జిల్లా పోటీ జరుగుతుంది. క్రూగర్ ముందురోజు సీనియర్లు ముగ్గుర్నీ పిలిచి, ఈసారి ఆనవాయితీ కుదరదన్నాడు. మిగతా ఇద్దరూ ఎలాగూ రోజూ ఆడేవాళ్ళే. అంటే ఆ మాట చెప్పింది ఒక్క బ్రిటాకే.

ఆ సాయంత్రం లీలండ్ కుర్చీలోంచి లేచి, మార్లిస్‌తో కలిసి బ్రిటాని మధ్యకి నడిపించాడు. మార్లిస్ ఉన్నిచొక్కా మీద, ఆ రోజు తల్లిదండ్రులకి గుచ్చే కార్నేషన్ పువ్వు ఎగిరెగిరి పడుతోంది, కింద ఊపిరి అంత కోపంగా ఉంది. నేను చదివాను: "బ్రిటా వాస్. నర్సు చదువుకి వెళ్తోంది. జట్టులో ఆమెకి అన్నిటికన్నా నచ్చిన జ్ఞాపకం, బస్సులో పాడుకున్న పాటలు." జనం చప్పట్లు కొట్టారు. ఆటలోంచి ఒక్క జ్ఞాపకం కూడా చెప్పలేదని ఎవరూ గమనించలేదు. లీలండ్ గమనించాడనుకుంటాను. తిరిగొచ్చి కూర్చునేముందు తన చొక్కా గుండీకి ఉన్న పువ్వు తీసి జేబులో పెట్టేసుకున్నాడు. పువ్వుకి మా స్కూలు రంగు రిబ్బను ఉంది మరి. బల్ల దగ్గర ఊరు ఉండకూడదు.

ఆట హోరాహోరీగానే సాగింది. ఒక పాయింటు వాళ్ళు, ఒక పాయింటు మేము. వెనక మెట్లమీంచి మా మందుల కొట్టు హెర్షెల్ గొంతు: "ఒరే చారల చొక్కా! ఆ కళ్ళు మీ ఆవిడ దగ్గర తాకట్టు పెట్టొచ్చావా?" రెఫరీకి ఇవి అలవాటే. పొడుగాటి మనిషి, ఎక్కడో అవతలి జిల్లావాడు, నవ్వుకుంటూ పరిగెత్తుతున్నాడు.

ఆట ఇంక ఐదు సెకన్లుంది. మేము ఒక పాయింటు వెనక. బంతి మాది, మేము వెయ్యాల్సిన బుట్టకి దగ్గర్లోనే గీత బయటినుంచి విసరాలి. సరిగ్గా అప్పుడు తోపులాటలో మా అమ్మాయి ఒకతెకీ వాళ్ళ అమ్మాయి ఒకతెకీ చెరో తప్పు పడింది, బంతి మాదే గానీ మా పిల్లకి అది ఐదోది. ఐదో తప్పుతో బయటికి వెళ్ళిపోవాలి. క్రూగర్ బెంచీవైపు తిరిగాడు. ఒకమ్మాయికి జ్వరం. ఇంకొకమ్మాయి మడమకి మంచుగడ్డ కట్టుకుని కూర్చుంది. మిగిలింది ఒక్కతే.

"బ్రిటా!"

మారే పిల్ల బల్ల దగ్గరికొచ్చి పేరు చెప్పి, బల్లముందు ఒక మోకాలు ఆనించి కూర్చోవాలి. గడియారం మనిషి హారన్ మోగిస్తే లేచి వెళ్ళాలి. బ్రిటా వచ్చి తండ్రి ఎదురుగా మోకాలు ఆనించింది. ఇద్దరి మధ్యా బల్ల వెడల్పంత దూరం. ఆ పిల్ల అతన్ని చూడలేదు, అతనూ చూడలేదు. హారన్ మోగించాడు. మెట్లమీంచి మార్లిస్ అరుపు హారన్‌ని మింగేసింది.

క్రూగర్ పథకం ప్రకారం బంతి మా పొడుగుపిల్లకి వెళ్ళాలి. ఆ సంగతి హాలెక్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ముగ్గురు వెళ్ళి ఆ పిల్ల చుట్టూ గోడ కట్టారు. బ్రిటాని ఎవరూ పట్టించుకోలేదు. అంచేత బంతి బ్రిటాకి వచ్చింది.

అందుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది. కోచ్ వంక చూసింది, చూడకూడదు గానీ చూసింది. జిమ్ జిమ్మంతా "వెయ్యి!" అని అరిచింది. రెండుసార్లు నేలకి కొట్టి, ముందుకి జరిగి, వేసింది. బంతి బోర్డుకి తగిలి, ఇనపచక్రం అంచుమీద తాపీగా ఒక చుట్టు తిరిగి, లోపల పడింది.

"బ్రిటా-ఆ-ఆ వాస్!" నా గొంతే అది. ఇరవై ఏళ్ళ నియమం కిటికీలోంచి ఎగిరిపోయింది. పిల్లలు మైదానం మీదికి దూకారు. మార్లిస్ పక్కనున్న పాస్టరుగారిని ముద్దుపెట్టుకుంది.

అప్పుడు హాలెక్ కోచ్ వచ్చి మా బల్లని గుద్ది, గోడవైపు వేలు చూపించింది. గడియారంలో ఇంకా ఐదు సెకన్లే ఉన్నాయి. హారన్ మోగలేదు. కాలం అసలు కదలనే లేదు.

రెఫరీ ఈల ఊది, అందర్నీ వెనక్కి తోసి, బల్ల దగ్గరికొచ్చాడు. చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "గడియారం కదల్లేదేం?"

"నేను నొక్కలేదు," అన్నాడు లీలండ్. మొహం గోడ సున్నంలా ఉంది.

"మీట ఇరుక్కుంటుంది ఒక్కోసారి," అన్నాను నేను, ఎవరూ అడక్కుండానే. అబద్ధం కాదు, నవంబరులో ఒకసారి ఇరుక్కుంది.

"ఇరుక్కోలేదు. నేనే నొక్కలేదు."

రెఫరీ తల గోక్కున్నాడు. "చూడు. ఎంతసేపయిందో నేను లెక్కపెట్టలేదు. ఖాయంగా తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే బుట్ట చెల్లుతుంది, మా నియమాల పుస్తకం చెప్పేదదే. మీ ముగ్గురిలో ఎవరికైనా ఖాయంగా తెలుసా?"

ఆర్డిస్ తన పెన్సిలు మొన పరీక్షించడం మొదలెట్టింది. నేను ఎదురుగా కింద పడిన పాప్‌కార్న్ గింజని చాలా శ్రద్ధగా చూశాను. ఎందుకంటే మా ఇద్దరికీ తెలుసు. లీలండ్ వేలు మర్చిపోయింది గానీ పెదాలు మర్చిపోలేదు. ఆ పిల్ల బంతి అందుకున్న దగ్గర్నుంచీ నా చెవి పక్కన ఆ గొణుగుడు వినబడుతూనే ఉంది.

లీలండ్ ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. అబద్ధం చెప్పనక్కర్లేదు. భుజాలెగరేస్తే చాలు. ఊరు గెలుస్తుంది, జిల్లా పోటీ మా ఊరొస్తుంది, నాలుగేళ్ళు బెంచీ కాసిన అతని కూతురు గెలిపించిన పిల్లవుతుంది. ముసలిదయ్యాక మనవలకి చెప్పుకుంటుంది. మైదానం మధ్య బ్రిటాని జట్టంతా కావలించుకుని ఉంది. ఆ పిల్ల వాళ్ళ భుజాలమీంచి బల్లవైపే చూస్తోంది.

"నాకు తెలుసు," అన్నాడు లీలండ్. "ఆరు అన్నాక బంతి చేతిలోంచి లేచింది."

రెఫరీ అతన్ని ఒక క్షణం పరికించాడు. "ఇందాక ఆ పిల్లతో నడిచింది నువ్వే కదూ?"

"అవును."

"ఖాయమేనా? ఆరేనా?"

"ఆరే."

రెఫరీ చేతులు రెండూ అడ్డంగా ఊపాడు. ఉన్నది ఐదు సెకన్లే కాబట్టి బుట్ట చెల్లదు. ఆట అయిపోయింది. హాలెక్ ఒక పాయింటుతో గెలిచింది. ఇప్పుడా కబురు మైకులో చెప్పాల్సింది ఎవరు? ఇందాక గొంతు చించుకున్నవాడే. చెప్పాను. నా బతుకులో నేను అంత చిన్నగా మాట్లాడిన సందర్భం లేదు, మైకు ఉండి కూడా.

తర్వాత జిమ్‌లో రేగిన గోల ఏమని చెప్పను! హెర్షెల్ రెయిలింగు పట్టుకుని వేళ్ళాడుతూ, "లీలండ్! నువ్వు హాలెక్‌లో పుట్టావురా!" అని అరిచాడు. నిజమే, అక్కడే పుట్టాడు. మా ఊళ్ళో ఆసుపత్రి లేదు కాబట్టి హెర్షెల్ కూడా అక్కడే పుట్టాడు. పిల్లలు మాత్రం వరసలో నిలబడి చేతులు తట్టుకుంటూ "మంచి ఆట, మంచి ఆట" అనుకున్నారు. హాలెక్ పిల్ల ఒకతె బ్రిటా దగ్గర ఆగి ఏదో చెప్పి భుజం తట్టింది.

మార్లిస్ మెట్లు దిగి వచ్చింది. జనం దారిచ్చారు, వరదకి గట్టు దారిచ్చినట్టు. బల్లముందు నిలబడింది. ఒకసారి గోడ గడియారం చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది.

"ఇరవైనాలుగు గంటలు," అంది. వెళ్ళిపోయింది.

మాట నిలబెట్టుకుంది. శనివారం అదే వేళకి మొదలుపెట్టిందని వాళ్ళ పక్కింటివాళ్ళు చెప్పారు. వాళ్ళు కిటికీలు మూసుకున్నా వినబడిందట.

ఈలోగా ఊళ్ళో రెండు పార్టీలయ్యాయి. కూతురికి ఇంకాస్త వ్యవధి దొరకాలని లీలండ్ కావాలనే నొక్కలేదు, తర్వాత మనసు కుట్టి చెప్పేశాడు అని ఒక పార్టీ. కన్నకూతురి నోటికాడి కూడు లాక్కున్న కసాయి అని ఇంకో పార్టీ. హెర్షెల్ పొద్దున ఒక పార్టీలో, సాయంత్రం ఇంకో పార్టీలో ఉన్నాడు. లీలండ్ శనివారం గోదాముకి వెళ్ళి లారీలు తూచాడు. వచ్చినవాళ్ళెవరూ ముల్లు సరిగ్గా చదివావా అని అడగలేదు. ఎందుకు నొక్కలేదురా అని మాత్రం ప్రతివాడూ అడిగాడు. నేనూ అడిగాను. "మర్చిపోయాను" అన్నాడు. ఇరవై ఏళ్ళలో మర్చిపోనివాడు.

ఆదివారం చర్చి అయ్యాక అగ్నిమాపక దళం షెడ్డులో ఊరందరికీ పాన్‌కేకుల విందు. ఏటా ఉండేదే. ఫైరింజను బయటపెట్టి లోపల బల్లలు వేస్తారు. పెనం దగ్గర ఎవరు? మార్లిస్.

క్రూగర్ పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చాడు, పన్ను పీకించుకోడానికి వచ్చినవాడి మొహంతో. మార్లిస్ అతని పళ్ళెంలో ఒకటి, రెండు, మూడు, ఇంకా పైన వేయించిన మాంసం ముక్కలు గుమ్మరించింది.

"మార్లిస్, మనం ఓడిపోయాం కదా," అన్నాడు నమ్మలేక.

"నా పిల్లని దింపావు కదా. నోరుమూసుకు తిను."

తర్వాత లీలండ్. ఒకటే వేసింది. అదీ ఒకవైపు మాడినది, మాడిన వైపు పైకి పెట్టి.

లీలండ్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కాసేపటికి బ్రిటా వచ్చి అతని పక్కన కూర్చుని, తన పళ్ళెంలోంచి ఒకటి అతని పళ్ళెంలోకి జరిపింది. అతను సిరప్ పోసుకున్నాడు. నేను కాఫీ కప్పులో మొహం పెట్టుకున్నాను గానీ చెవులు బయటే ఉన్నాయి.

"నాన్నా, కోపం లేదు నాకు. ఒకటి అడుగుతాను."

"అడుగమ్మా."

"నాలుగేళ్ళలో నేను ఆడగా ఎప్పుడైనా చూశావా? అక్కడే ఉన్నావనుకో. అది కాదు. చూశావా?"

లీలండ్ ఫోర్కు కింద పెట్టాడు. "బల్ల దగ్గరికి ఆట కనబడదురా తల్లీ. బంతీ, రెఫరీ చెయ్యీ. అంతే."

"మరి మొన్న?"

లీలండ్ మాడిన ముక్కని పళ్ళెం అంచుకి నెట్టాడు.

"మొన్న చూశాను," అన్నాడు. "రెఫరీ చెయ్యి చూడాల్సింది. నిన్ను చూశాను. అందుకేగా ఇంత గొడవ."

బ్రిటా పెదవి కొరుక్కుంది. నవ్వో ఏడుపో తేలలేదు. "బంతి జారింది. అది కూడా చూశావా?"

"చూశాను. జారింది, పట్టుకున్నావు. రెండుసార్లు కొట్టావు. బోర్డుకి తగిలింది. అంచుమీద తిరిగింది, పడదనుకున్నాను." లీలండ్ వేలితో బల్లమీద ఒక చుట్టు చుట్టి చూపించాడు. "పడింది."

"పడింది కదూ!"

"పడకేం. పడింది. చెల్లలేదు, అంతే."

నా వెనకాల గరిటె చప్పుడయింది. మార్లిస్ ఎప్పుడొచ్చిందో, ఎంతసేపట్నించీ నిలబడిందో తెలీదు. పెనం మీంచి అప్పుడే తీసిన రెండు పాన్‌కేకులు లీలండ్ పళ్ళెంలో పడేసి, మాడినదాన్ని గరిటెతో ఎత్తి నా పళ్ళెంలో వేసి వెళ్ళిపోయింది.